మా వారు గరాజ్‌లో కారు మీద కారు పెడతామంటున్నారు

డల్లాస్ శివార్లలో ఉంటున్న ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కనుక అవి వదిలేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమె పుట్టి పెరిగింది విజయవాడలో. పెళ్ళయి అమెరికా వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, ఇద్దరు ఆడపిల్లలు. ఇన్నాళ్ళూ చిన్న ఇంట్లో సర్దుకుని ఇప్పుడు కొత్త ఇల్లు కట్టించుకుంటున్నారు. ఇంట్లో మూడు కార్లున్నాయి: ఆమె నడిపే టొయోటా సియెన్నా వ్యాను, భర్త నడిపే టెస్లా మోడల్ వై, 2004 నాటి కొరోలా. కొరోలా ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న మొదటి కారు. పెద్దమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. ఇప్పుడు నెలకోసారి బయటికి తీసి, కడిగి, ఒక చుట్టు తిప్పి మళ్ళీ పెట్టేస్తారు. పెద్దమ్మాయికి త్వరలో పదహారు నిండుతాయి కనుక నాలుగో కారు తప్పదు. కొత్త కాలనీలో రాత్రిపూట వీధిలో కార్లు నిలపకూడదని హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, నిబంధన ఉంది.

కొత్త ఇంటి గరాజ్‌లో రెండు కార్లు పక్కపక్కన పట్టే పెద్ద భాగం ఒకటి, పక్కనే ఒక్క కారు పట్టే మూడో భాగం ఒకటి. పెద్ద భాగం పైన గేమ్ రూమ్ వస్తుంది. మూడో భాగం వెడల్పు 11 అడుగులు, లోతు 21 అడుగులు, దాని పైన ఇంటి కప్పు తప్ప మరేమీ లేదు. సీలింగ్ అంతటా 10 అడుగులు. పెద్ద భాగంలో నాలుగు స్తంభాల లిఫ్ట్ ఒకటి పెట్టి, కొరోలాను పైకెక్కించి, కింద ఇంకో కారు పెడదామని భర్త ఆలోచన. ఆయన లిఫ్ట్‌కి అడ్వాన్స్ కూడా కట్టేశారు. ఆ సంగతి ఈమెకు తెలిసింది బిల్డర్ ఆఫీసులో, అక్కడి డిజైనర్ ‘లిఫ్ట్ ఎక్కడ వస్తోంది?’ అని అడిగినప్పుడు!

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్ళ నాన్నగారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. చిన్నప్పుడు అక్కడే, జాకీ జారి లారీ కిందికి దిగిపోయి ఒక పనివాడి కాలు నలిగిపోవడం కళ్ళారా చూశారు. పైగా ఏటా అత్తగారూ మామగారూ వచ్చి నెలల తరబడి ఉంటారు. అప్పుడు గరాజ్‌లోనే స్టవ్ పెట్టుకుని అత్తగారు వేపుళ్ళూ, గారెలూ, చేపల కూరా చేస్తారు, ఇంట్లోకి వాసన రాకుండా. తొమ్మిదేళ్ళ చిన్నమ్మాయి సైకిలు కూడా అక్కడే తిప్పుతుంది. ఇంటి వెనక కప్పున్న పేటియో, అంటే ఆరుబయటి వసారా, కావాలని ఈమె అడిగితే బడ్జెట్ లేదన్న మనిషి, లిఫ్ట్‌కి మాత్రం డబ్బు తీశారు. మామగారేమో ఫోన్‌లో ‘కారుకి అటకేమిట్రా’ అంటున్నారు. ఇంటి నిర్మాణంలో మార్పులేమైనా ఉంటే నెలాఖరులోగా చెప్పాలని బిల్డర్ గడువు పెట్టారు. ‘నేను అనవసరంగా అడ్డుపడుతున్నానా, ఆయనది మంకుపట్టా? ఏం చెయ్యమంటారు?’ అని అడిగారు.

అమ్మా,

మీ భయంలో తప్పులేదు. మీ వారి ముచ్చటలోనూ తప్పులేదు. కానీ మూడు వేరువేరు సంగతుల్ని మీరిద్దరూ ఒకే గాటన కట్టి మాట్లాడుకుంటున్నారు. లిఫ్ట్ కొనాలా వద్దా అన్నది ఒకటి. గరాజ్ ఎత్తు పెంచాలా వద్దా అన్నది రెండోది. మిమ్మల్ని అడక్కుండా డబ్బు కట్టడం మూడోది. వీటిలో నెలాఖరు గడువున్నది రెండోదానికే. లిఫ్ట్ వచ్చే ఏడాది కొనవచ్చు, అయిదేళ్ళకు కొనవచ్చు, అసలు మానేయవచ్చు. ఎత్తు అలా కాదు. పునాది పోసి, గోడలు లేచి, కప్పును మోసే కర్ర చట్రాలు, అంటే ట్రస్సులు, కూర్చున్నాక ఇంకో రెండడుగులు పైకి కావాలంటే కట్టింది విప్పుకోవలసిందే. కాబట్టి ఈ నెలలో మీరు తేల్చుకోవలసింది ఎత్తు ఒక్కటే. మిగతా రెండింటికీ సావకాశం ఉంది. ఆ మాట ముందే అనుకుంటే ఇంట్లో సగం వేడి తగ్గుతుంది.

ఎత్తు లెక్క చెబుతాను. మీ ప్లానులో ఉన్న 10 అడుగులు, అంటే 120 అంగుళాలు, మీ కార్లకు సరిపోవు. మోడల్ వై ఎత్తు సుమారు 64 అంగుళాలు. దాని పైన, కొరోలా నిలబడే లిఫ్ట్ పలకల మందం 5 అంగుళాల దాకా ఉంటుంది. ఆ పైన కొరోలా 58. కూడితేనే 127. కింది కారు కప్పుకీ పలకలకీ నడుమ, పై కారు కప్పుకీ సీలింగ్‌కీ నడుమ నాలుగేసి అంగుళాలైనా వదలాలి. అంటే 135 అంగుళాలు, 11 అడుగుల 3 అంగుళాలు. మోడల్ వైకి బదులు సియెన్నాను కింద పెడితే దాని ఎత్తే 70 దాకా ఉంటుంది కనుక లెక్క 141కి చేరుతుంది. పన్నెండడుగులకు మూడంగుళాలు తక్కువ, అంతే.

ఇలా అంగుళాలు గీసి గీసి కట్టించుకోకూడదు కూడా. ఈ లిఫ్ట్‌లు ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడవు. స్తంభాల్లో కొన్ని అంగుళాలకొకటి చొప్పున లాక్‌లు ఉంటాయి, పలకలు వాటి మీద కూర్చోవాలి. మనకు కావలసిన ఎత్తులో లాక్ లేకపోతే పై లాక్‌కి పోవాలి, అప్పుడు పైన చోటు తగ్గిపోతుంది. అందుకని అడిగితే 12 అడుగులే అడగండి. మీ వారు అడ్వాన్స్ కట్టిన మోడల్ కాగితాలు తీసి, పైకి ఎత్తాక పలకల కింద ఎంత ఖాళీ వస్తుందో చూడండి. మామూలు రకాల్లో అది సుమారు 70 అంగుళాలు, పొడుగు స్తంభాల రకాల్లో 80 పైచిలుకు. సియెన్నా కింద పెట్టాలనుకుంటే మామూలు రకం పనికిరాదు. ఇంకో సంగతి చాలామందికి లిఫ్ట్ వచ్చాకే తెలుస్తుంది. మోడల్ వై, సియెన్నా లాంటివాటికి వెనక తలుపు పైకి లేస్తుంది. నెత్తిన పలకలుంటే అది పూర్తిగా తెరుచుకోదు. పటేల్ బ్రదర్స్ కిరాణా కొట్టు నుంచి తెచ్చిన బియ్యం బస్తా దింపాలంటే కారు బయటే ఆపుకోవాలి. రోజూ సామాన్లు మోసే మీ సియెన్నా మాత్రం లిఫ్ట్ కిందికి రాకూడదని నా అభిప్రాయం.

ఇక ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. మీ వారు పెద్ద భాగం అంటున్నారు. అక్కడ సీలింగ్ రెండడుగులు లేపితే పైనున్న గేమ్ రూమ్ నేల లేస్తుంది. ఆ గదికి మెట్లు పెట్టాలి, లేదా పై అంతస్తంతా లేపాలి, లేదా ఆ గదే వదులుకోవాలి. బిల్డర్ ఒప్పుకుంటారో లేదో గానీ ఒప్పుకున్నా ఖర్చు మోయలేరు. మూడో భాగం మీద మాత్రం కప్పు తప్ప ఏమీ లేదని రాశారు కదా, మీ చిక్కు విడిపోయే చోటు అదే. ఆ ఒక్క భాగంలో గోడలు లేపడమో, సీలింగ్ పైకి వాలుగా పోయే ట్రస్సులు వేయించడమో చేస్తే ఇంటి మిగతా ప్లాను కదలదు. బయటి నుంచి ఇంటి కప్పు రూపు మారితే హెచ్‌ఓఏ అనుమతి కావాలి, అది బిల్డర్ చేతనే తెప్పించండి. అన్నట్టు, ఇల్లు కట్టాక ఎవరైనా ‘ట్రస్ కొంచెం కోసి చోటు చేస్తాం’ అంటే గుమ్మంలోంచే పంపేయండి. ఒక్క కర్ర కోసినా కప్పు బరువు మోసే లెక్క మొత్తం తప్పుతుంది.

మూడో భాగం కొలతలు చాలతాయా అంటే, చాలతాయి గానీ ధారాళంగా కాదు. ఇలాంటి లిఫ్ట్‌ల వెడల్పు స్తంభాలతో కలిపి 9 అడుగుల దగ్గర ఉంటుంది. మీకున్న 11లో అటొక అడుగు, ఇటొక అడుగు. స్తంభాలు నాలుగు మూలల్లోనే కాబట్టి నడుమ కారు తలుపు తెరవడానికి వీలుంటుంది. కారెక్కే పలకలతో కలిపి పొడుగు 17, 18 అడుగులు పోతుంది, మిగిలే మూడడుగుల్లో మనిషి నడవాలి. అక్కడ ఫ్రీజర్, చెప్పుల స్టాండు, కాస్ట్‌కో డబ్బాలు ఇంకేమీ రాకూడదు. వీలుంటే వెడల్పు ఒక్క అడుగు పెంచగలరా అని బిల్డర్‌ని అడగండి. కొరోలా కింద అమ్మాయి కారు పెడితే, అది ఆమె రోజూ కారెక్కి దిగే చోటు.

ఇదంతా కాగితం మీద అర్థం కాదు. ఇప్పుడున్న గరాజ్‌లోనే, ఖాళీ చేసి, నేల మీద టేపు అంటించండి. 11 అడుగులు, 21 అడుగులు. అందులో స్తంభాల చోట నాలుగు అట్టపెట్టెలు నిలబెట్టండి. కొరోలాను లోపలికి తెచ్చి పెద్దమ్మాయిని ఎక్కి దిగమనండి. చేతిలో బ్యాగ్‌తో, నిద్రమత్తులో, రోజూ స్కూలుకి పోయే తీరులో. కారు తలుపు ఎక్కడ తగులుతుందో, ఎక్కడ ఒత్తుకుని నడవాలో మీ కళ్ళకే కనిపిస్తుంది. దీనికి ఒక్క శనివారం పొద్దున చాలు, మీ వారి వాదన గానీ మీ వాదన గానీ అక్కర్లేదు.

గరాజ్ తలుపు సంగతి మరిచిపోకండి. మామూలు గరాజ్ తలుపు తెరుచుకుని లోపలికి అడ్డంగా పడుకుంటుంది, తలుపు ఎత్తుకి కాస్త పైన. సరిగ్గా అక్కడే మీ కొరోలా ఉంటుంది! అందుకని తలుపు పట్టాలు నిటారుగా పైదాకా పోయి సీలింగ్ దగ్గర వంగేలా అమర్చాలి. నడిమధ్యన వేలాడే మోటారు తీసేసి, గోడ పక్కన స్ప్రింగు కడ్డీకి తగిలించే రకం పెట్టాలి. స్ప్రింగులు, డ్రమ్ములు కూడా మారతాయి. ఇది ఇల్లు కట్టేటప్పుడే చేయించడం నయం. తర్వాతైతే తలుపుల పని తెలిసిన మనిషే చెయ్యాలి, ఆ స్ప్రింగుల్లో బిగించి ఉన్న శక్తి మామూలుది కాదు, మీ వారు యూట్యూబ్ చూసి ముట్టుకోకూడదు. సీలింగ్‌లోంచి దిగే అటక నిచ్చెన, దీపాలు, వాటర్ హీటర్ గొట్టాలు ఆ భాగంలో రాకుండా ఇప్పుడే ప్లానులో పక్కకు జరిపించండి. పై కారు వచ్చాక సీలింగ్ దీపం వెలుగు కిందికి పడదు కాబట్టి గోడలకు దీపాలు పెట్టించండి. టెక్సస్ ఎండలకి పన్నెండడుగుల పైన వేడి గాలి నిలిచిపోతుంది, ఆ సీలింగ్‌కి ఇన్సులేషన్ తప్పనిసరి.

నేల విషయంలో మాత్రం మీరు పట్టుబట్టాలి. మీ ప్రాంతంలో బంకమట్టి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. అందుకే డల్లాస్ చుట్టుపక్కల కొత్త ఇళ్ళకు ఎక్కువగా కాంక్రీటులో ఉక్కు కేబుళ్ళు పరిచి, గట్టిపడ్డాక వాటిని లాగి బిగించే రకం పునాది వేస్తారు. చాలా గరాజ్‌లలో నేల మీద ‘కోయవద్దు, రంధ్రం చేయవద్దు’ అని ముద్ర కూడా ఉంటుంది. బిగించిన కేబుల్‌కి డ్రిల్ తగిలితే పునాది దెబ్బతినడమే కాదు, అది తెగి మనిషి మీదికి ఎగిరి రావచ్చు. నాలుగు స్తంభాల లిఫ్ట్‌లు చాలావరకు నేలకు బోల్టులు బిగించకుండానే నిలబడతాయి, కొన్నింటికి బిగించాలి. మీ వారు అడ్వాన్స్ కట్టిన మోడల్ ఏ రకమో ముందే తెలుసుకోండి. లిఫ్ట్ బరువూ కొరోలా బరువూ కలిపి నాలుగు వేల పౌండ్లు దాటుతుంది, అది స్తంభాల అడుగునున్న నాలుగు చిన్న పలకల మీద పడుతుంది. స్తంభాలు ఎక్కడ వస్తాయో గుర్తుపెట్టిన బొమ్మ ఒకటి, ఒక్కో స్తంభం మీద ఎంత బరువు పడుతుందో రాసిన కాగితం ఒకటి పునాది పోయకముందే బిల్డర్ ఇంజినీరుకి ఇవ్వండి. ఆయన సరేనని నోటితో అంటే చాలదు, సంతకంతో కాగితం ఇవ్వాలి. గరాజ్ నేల నీళ్ళు పోవడానికి తలుపు వైపు వాలుగా పోస్తారు. ఆ వాలు లిఫ్ట్ కంపెనీ ఒప్పుకునే హద్దులో ఉందో లేదో కూడా అదే కాగితంలో రాయించండి. ప్లగ్గు కూడా ఆలోచించాలి. కొన్ని లిఫ్ట్‌లు మామూలు 120 వోల్టుల మీద నడుస్తాయి, కొన్నింటికి 240 కావాలి. టెస్లా ఛార్జర్‌కీ దీనికీ వేరువేరు లైన్లు వేయించండి.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. ఆటోనగర్‌లో మీరు చూసింది జాకీ. జాకీ ఒక్క బిందువు మీద బరువు మోస్తుంది. కింద నేల కాస్త అటుఇటైనా, బండి కొంచెం కదిలినా ఒరిగిపోతుంది. కింద స్టాండు పెట్టకుండా దూరిన ఆ పనివాడికి నూనె పీడనం తప్ప ఆసరా లేదు. నాలుగు స్తంభాల లిఫ్ట్‌లో కారు చక్రాల మీదే, పొడవాటి పలకల మీద నిలబడుతుంది. పైకెత్తేది ఇక్కడా నూనె పీడనమే గానీ, ఎత్తాక పలకల్ని కాస్త దించి స్తంభాల్లో ఉన్న ఇనుప లాక్‌ల మీద కూర్చోబెట్టాలి. ఆ తర్వాత నూనె కారిపోయినా, పలకల్ని లాగే కేబుల్ వదులైనా కారు ఆ లాక్‌ల మీదే ఉంటుంది. లాక్ మీద కూర్చోబెట్టకుండా నూనె మీదే వదిలేస్తే మాత్రం మీరు చూసిన జాకీకీ దీనికీ తేడా లేదు. ప్రతిసారీ నాలుగు మూలలా లాక్ పడిందో లేదో కంటితో చూడటం మీ ఇంటి నియమం కావాలి. అమెరికాలో లిఫ్ట్‌లను పరీక్షించి ధ్రువీకరించే ఏఎల్ఐ అనే సంస్థ ఉంది. ధ్రువీకరించిన వాటికి బంగారు రంగు లేబుల్ ఉంటుంది. మీ వారు చూసిన దానికి అది ఉందా? లేకపోతే అడ్వాన్స్ పోయినా సరే, ఆ లిఫ్ట్ వద్దు.

నిజానికి ఇళ్ళలో ప్రమాదం లిఫ్ట్ విరిగితేనే రాదు. దించేటప్పుడు కింద ఏముందో చూడకపోవడం వల్లా వస్తుంది. సైకిలు, చెప్పుల జత, దేవుడా వద్దు గానీ, పిల్ల. అందుకని మోటారుకి తాళం ఉండాలి, తాళంచెవి ఇంట్లో ఉండాలి. ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ చిన్నమ్మాయి గరాజ్‌లోనే ఉండకూడదు. ఆమె సైకిలు ఇక గరాజ్ ముందుండే డ్రైవ్‌వే మీదే. పాత కారు కనుక నూనె చుక్కలు పడతాయి. పలకల నడుమ ట్రే పెట్టించకపోతే అవి కింది కారు కప్పు మీదే పడతాయి.

అత్తగారి స్టవ్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నన్ను కంగారుపెట్టింది అదే. లిఫ్ట్ వచ్చినా రాకపోయినా గరాజ్‌లో మంట వెలిగించడం ఆపేయండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీద పాకుతూ వస్తుంది, కంటికి కనిపించదు. ఇరవై ఏళ్ళ పాత కారు ట్యాంకు గొట్టాలు ఎక్కడో కాస్త కారుతూ ఉన్నా తెలియదు. అలాంటి కారును నెత్తిన పెట్టి, కింద మూకుడు నిండా మరిగే నూనెతో ఆవిడ గారెలు వేయడం తలుచుకుంటేనే నాకు మనసు మనసులో లేదు. తలుపు వేసి వండితే కార్బన్ మోనాక్సైడ్ మరో ముప్పు. ప్రొపేన్ సిలిండరు కూడా గరాజ్‌లో ఉంచకూడదు.

అలాగని ఆవిడ వంట ఆగిపోకూడదు. పరాయి దేశంలో నెలల తరబడి ఉండే పెద్దావిడకు తన మూకుడు, తన గరిటె, తన చోటు ఉండాలి. మీరు అడిగిన పేటియో ఇక్కడ ఆదుకుంటుంది. వెనక వైపు కప్పు, ఒక గట్టు, ఒక గ్యాస్ పాయింటు, ఒక దీపం, ఒక ప్లగ్గు. గ్యాస్ లైను ఇల్లు కట్టేటప్పుడు లాగించుకోవడం తేలిక, తర్వాత గోడలు తవ్వుకోవాలి. ‘మీకు లిఫ్ట్, నాకు పేటియో’ అని బేరం పెట్టకండి. ‘మీ అమ్మగారికి వంట చేసుకునే చోటు కావాలి, గరాజ్‌లో కుదరదు’ అని మీ వారితో అనండి. అది నిజం, మీ వారు కాదనలేరు. మొత్తం పేటియో ఇప్పుడే భారమైతే కనీసం గ్యాస్ లైనూ, కాంక్రీటు నేలా వేయించి కప్పు తర్వాత వేసుకోండి.

కొరోలాను అమ్మాయికే ఇచ్చేస్తే లిఫ్టే అక్కర్లేదు కదా అని మీరు రాశారు. చక్కటి ఆలోచనే, నేనైతే ఇవ్వను. వాన పడ్డ రోడ్డు మీద కారు అదుపు తప్పి పక్కకు జారకుండా దానంతటదే బ్రేకు వేసుకునే ఏర్పాటు అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ 2012 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. కొత్తగా స్టీరింగ్ పట్టే పదహారేళ్ళ పిల్లకు అది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. 2004 నాటి మామూలు కొరోలాలో అది లేదు. ఆ తరం కొరోలాలు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో, అంటే లోపమున్న భాగం మార్చడానికి కార్లను వెనక్కి పిలిచిన జాబితాలో, కూడా ఉన్నాయి. ముందు సీటులో ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు లోపలి లోహం ముక్కలై వచ్చే లోపమది. మీది మార్పించారో లేదో ఈ రోజే చూడండి. ముందు అద్దం మూల కనిపించే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే కారు గుర్తింపు సంఖ్యను (వీఐఎన్) రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో కొడితే చెప్పేస్తుంది. మార్పించకపోతే టొయోటా డీలరు ఉచితంగా చేస్తారు. అది అయ్యేదాకా ఆ సీటులో ఎవరినీ కూర్చోబెట్టకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు, వాటి వెంట వచ్చేవి చెబుతాను.

కొరోలాను అమ్మేయవచ్చు. గరాజ్, డబ్బు రెండూ మిగులుతాయి. కానీ మీ వారు సరేనన్నా లోపల వెలితి పడతారు, ఆ వెలితికి నింద మీ మీద పడుతుంది. ఆయన తనంతట తాను ఆ మాట అంటే తప్ప మీరు ముందు అనకండి.

అద్దెకు స్టోరేజ్ తీసుకోవచ్చు. ఇంట్లో ఏ మార్పూ అక్కర్లేదు. నెలనెలా అద్దె జారుతూ ఉంటుంది. దూరాన ఉన్న కారును చూసుకోవడం క్రమంగా తగ్గిపోయి బ్యాటరీ చచ్చి, టైర్లు ఒకే చోట నొక్కుకుపోయి, ఒక రోజు ఇంకో బండికి కట్టి లాక్కెళ్ళాల్సి వస్తుంది. ఏడాదికి పైగా ఆలోచించుకోవడానికి సమయం కావాలంటే మాత్రం ఇది మంచి మధ్యదారి.

డ్రైవ్‌వే మీద వదిలేయవచ్చు, కాలనీ నిబంధన ఒప్పుకుంటే. మార్చి నుంచి మే దాకా మీ ప్రాంతంలో పడే వడగళ్ళు మీకు తెలుసు. ఒక్క వానకు కారు ఒళ్ళంతా సొట్టలు. అప్పుడు అమ్మాయి కారు లోపల పెట్టాలా, ఆ పాత కారు పెట్టాలా అన్న గొడవ మళ్ళీ మొదలు.

మూడో భాగానికి ఎత్తు, తలుపు పట్టాలు, కరెంటు, నేల ఇప్పుడు సిద్ధం చేయించుకుని, లిఫ్ట్ మాత్రం ఆపవచ్చు. నా మొగ్గు ఇటే. ఇంట్లోకి దిగి, ఒక వేసవి, ఒక చలికాలం గడిచాక, అమ్మాయి కారు వచ్చాక, నిజంగా ఎక్కడ ఇరుకవుతోందో తెలుస్తుంది. లిఫ్ట్ అక్కర్లేదనిపిస్తే ఆ ఎత్తులో అరలు కట్టించుకుని పండగ సామాన్లు, సూట్‌కేసులు పెట్టుకోవచ్చు. ఇల్లు అమ్మేటప్పుడు ఎత్తైన గరాజ్ ఎవరికీ చేదు కాదు. దీనికి నష్టం ఒకటే, బిల్డర్ అడిగే అదనపు డబ్బు ఇప్పుడే కట్టాలి.

చివరి దారి, ఇప్పుడే లిఫ్ట్ బిగించేయడం. ఇళ్ళకు పనికొచ్చే నాలుగు స్తంభాల లిఫ్ట్‌లు అమెరికాలో మూడు వేల నుంచి ఆరు వేల డాలర్ల దాకా ఉంటాయి, బిగింపు అదనం. కుదరదని కాదు. కానీ ఒక్క రోజువారీ చిక్కు ముందే గ్రహించండి. కింది కారు తీస్తేనే పైది దిగుతుంది. ఆదివారం పొద్దున మీ వారికి కొరోలా మీద మనసు పుట్టి, కింద కారు పెట్టి అమ్మాయి పడుకుని ఉంటే, ముందు ఆమె లేవాలి. నెలకోసారి తీసే కారుకి పరవాలేదు, వారానికి రెండుసార్లు కావాలనుకునే కారుకి లిఫ్ట్ విసుగు. ఎవరు ఎప్పుడు తీస్తారో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని గానీ బిగించకండి.

ఏ దారి పట్టినా కొరోలా కాగితాలు బతికే ఉండాలి. టెక్సస్‌లో మామూలు కార్లకు ఏటా చేయించే సేఫ్టీ తనిఖీ 2025 జనవరి నుంచి ఎత్తేశారు గానీ, డల్లాస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. పెట్రోలు కారుకి 24 ఏళ్ళు దాటేదాకా అది తప్పదు. లిఫ్ట్ వల్ల ఇంటికో కారుకో దెబ్బ తగిలితే ఏ బీమా కడుతుందో, ఇంటిదా కారుదా, ఏజెంటుకి రాసి జవాబు రాతలో తెప్పించుకోండి.

ఇక మూడో సంగతి. డిజైనర్ ముందు మీ ముఖం చిన్నబోయిందని రాశారు. ఆ నొప్పి లిఫ్ట్ ఎత్తు గురించి ఎంత వాదించినా తీరదు. ఇంకొక ఇల్లు కట్టుకోని వయసులో, ఇద్దరి జీతాలతో కట్టుకుంటున్న ఇంట్లో, మీకు తెలియకుండా ఒక నిర్ణయం జరిగింది. ఆ మాట విడిగా, పిల్లలు లేనప్పుడు, లిఫ్ట్ ఊసెత్తకుండా చెప్పండి. ‘మీరు కొన్నందుకు కాదు, నేను బయటివాళ్ళ నోట విన్నందుకు బాధ’ అంటే ఆయనకు అర్థమవుతుంది. ఆయన ఎందుకు చెప్పలేదో కూడా అడగండి. మీరు వద్దంటారని భయపడి ఉండవచ్చు. కొరోలా మీద ఆయనకున్న మమకారాన్ని ఇంట్లో ఎవరైనా ఎగతాళి చేశారేమో గుర్తుచేసుకోండి, మామగారి అటక మాటతో సహా. ఆటోనగర్ సంగతి ఆయనకు ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? నాకు రాసినంత వివరంగా, ఆ పనివాడి గురించి, ఆ సాయంత్రం గురించి? చెప్పి ఉండరని నా అనుమానం. మీది మొండితనమని ఆయన, ఆయనది మంకుపట్టని మీరు అనుకుంటున్నారంటే ఇద్దరి దగ్గరా ఇద్దరికీ తెలియని కథలున్నట్టే.

అవసరమైతే లిఫ్ట్ కంపెనీకి ఫోన్ చేసి, ఆర్డరు ఇల్లు పూర్తయ్యేదాకా ఆపుతారా, అడ్వాన్స్ తిరిగిస్తారా అని మీ వారినే కనుక్కోమనండి. బిల్డర్‌కి మాత్రం ఈ వారంలోనే మెయిల్ రాయండి. మూడో భాగానికి 12 అడుగుల సీలింగ్ ఎంతవుతుంది, వెడల్పు ఒక అడుగు పెరుగుతుందా, నిటారు పట్టాల తలుపూ పక్క మోటారూ పెడతారా, నేల గురించి ఇంజినీరు సంతకం ఇస్తారా, పేటియోకి గ్యాస్ లైను ఎంత? ఇవన్నీ ఒక్క మెయిల్‌లో, ధరలు విడివిడిగా ఇమ్మని అడగండి. అన్నీ కలిపి ఒకే అంకె ఇస్తే ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో మీకు తెలియదు. పంపేముందు ఆ మెయిల్ మీ వారికి చూపించి, ఇద్దరి పేర్లతో పంపండి.